టికెట్టు పెట్టినంత మాత్రాన పాలన కాదు

వెనిస్‌లో రియాల్టో వంతెనకు సమీపంలో ఉన్న ఒక మందుల షాపు అద్దం వెనుక 2008 నుంచి ఒక అంకెల బోర్డు వెలుగుతోంది. పాత నగరంలో ఇంకా ఎందరు నివసిస్తున్నారో అది దారినపోయేవారికి చూపిస్తుంది. 1951లో దాదాపు 1,75,000 మంది ఉన్న ఆ దీవుల నగరంలో 2022 నాటికి 50 వేల మందైనా మిగల్లేదు. ఆ మరుసటి ఏడాదికి పర్యాటకుల కోసం పరచిన పడకల సంఖ్య నివాసుల సంఖ్యను దాటింది.

ఐరోపాకు పర్యాటకం వద్దనే మాట పూట గడవని బాధ తెలియనివారు అనేది. ఐరోపా సమాఖ్య స్థూల ఉత్పత్తిలో ప్రత్యక్షంగా, పరోక్షంగా సుమారు పదో వంతు ఈ రంగానిదే. రుణ సంక్షోభంలో కుదేలైన గ్రీస్, పోర్చుగల్ కోలుకోవడంలో బీచులకూ పాత వీధులకూ పెద్ద పాత్రే ఉంది. 2024లో స్పెయిన్‌కు దాదాపు 9.4 కోట్ల మంది విదేశీయులు వచ్చి సుమారు 12,600 కోట్ల యూరోలు ఖర్చు చేశారు. ఆ రాబడి దేశం పద్దులో జమవుతుండగా అద్దెలు, చెత్త, రద్దీ మాత్రం ఊరి పద్దులో పడుతున్నాయి. ఈ రెండు పద్దులనూ కలిపి చూసే వ్యవస్థ లేకపోవడమే ఐరోపా పర్యాటక విధానంలోని అసలు లోపమని మేము భావిస్తున్నాము.

2009 డిసెంబరులో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం పర్యాటకంలో సభ్యదేశాలకు తోడ్పడే అధికారాన్ని సమాఖ్యకు ఇచ్చిందే తప్ప, వాటి చట్టాలను ఏకరూపం చేసే అధికారం ఇవ్వలేదు. పర్యాటకం అనే మాట సమాఖ్య మంత్రివంటి ఒక కమిషనర్ హోదాలో చేరడానికే 2024 డిసెంబరు దాకా పట్టింది. వీసాల సంగతి వేరు. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు (ఐరోపాలోని చాలా దేశాల్లో చెల్లే ఉమ్మడి వీసాలు) పొంది సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా ఇచ్చే వెసులుబాటు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. రెండు నెలలు తిరగకుండానే రుసుము 90 యూరోలకు పెరిగింది. తలుపు తెరిచే పని సమాఖ్య కేంద్రమైన బ్రసెల్స్ చూసుకుంటుంటే, వచ్చినవారికి చోటు సర్దే పని ఊరి నెత్తిన పడుతోంది.

ఆ సర్దుబాటును వెనిస్ టికెట్టుతో మొదలుపెట్టింది. 2024 ఏప్రిల్ 25 నుంచి ఎంపిక చేసిన 29 రోజుల్లో, రాత్రి బస చేయకుండా వెళ్లిపోయే సందర్శకుల నుంచి ఐదు యూరోల చొప్పున వసూలు చేసింది. రైల్వే స్టేషన్ ఎదుట సిబ్బంది నిలబడి ఫోన్లలోని క్యూఆర్ కోడ్‌లను తనిఖీ చేశారు. మరుసటి ఏడాది ఆ రోజులను 54కు పెంచి, ఆఖరి నిమిషంలో కట్టేవారికి పది యూరోలు చేశారు. ఖజానాకు సొమ్ము చేరింది గానీ, రోజుకు ఇంతమందే అన్న పరిమితి మాత్రం లేదు. సర్వదర్శనం టోకెన్ కోసం వరుసలో నిలబడ్డ తెలుగువారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. డబ్బు కట్టించుకోవడం ఒకటి, ఏ వేళకు ఎందరిని లోపలికి పంపాలో ముందే తేల్చుకోవడం మరొకటి. ఆ రెండో పనిని ఏథెన్స్ 2023లో తన పురాతన కొండకోట అక్రోపోలిస్‌కు రోజుకు 20 వేల మందికి మించకూడదని నిర్ణయించి చేసింది. క్రొయేషియా తీర నగరం డుబ్రోవ్నిక్ అంతకుముందే తన రేవుకు వచ్చే విహార నౌకలను ఏకకాలంలో రెండింటికి పరిమితం చేసుకుంది. భారీ నౌకలు వెనిస్ ప్రధాన కూడలి సాన్ మార్కో ముందునుంచి వెళ్లకుండా 2021లో ఇటలీ ప్రభుత్వం ఆపగలిగిందంటే, వెనిస్‌లోనూ పరిమితి అసాధ్యమేమీ కాదు.

ఇళ్ల విషయంలో బార్సిలోనా ఇంకా కఠినంగా వెళ్లింది. పదేళ్లలో అద్దెలు 68 శాతం పెరిగాయని చెబుతూ, పర్యాటకులకు అద్దెకిచ్చే 10,101 ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగించబోమని మేయర్ జౌమె కొల్బోని 2024 జూన్‌లో ప్రకటించారు. పక్షం రోజులకే కొందరు నిరసనకారులు హోటళ్ల ముందు భోంచేస్తున్న పర్యాటకులపై నీళ్ల తుపాకులు ఎక్కుపెట్టారు. అతిథిపై నీళ్లు చల్లడాన్ని మేము సమర్థించము. అతను తీసుకున్న ఫ్లాట్‌కు అనుమతి ఇచ్చింది అతను కాదు. లైసెన్సుల రద్దుకు పునాది వేసిన చట్టాన్ని స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం 2025 మార్చిలో సమర్థించింది. ఫ్లాట్ల యజమానులకు నష్టం తప్పదు, వారి ఆవేదనను కొట్టిపారేయలేము. అయినా రోగం ఉన్నచోట మందు వేసిన నిర్ణయమిది. ఖాళీ అయిన ఇళ్లు స్థానికులకు అందుబాటు అద్దెకు దొరికేలా నగరం చూడకపోతే మాత్రం ఆ కష్టమంతా వృథా.

అద్దె ఫ్లాట్లపై అంత నిఘా బార్సిలోనా వంటి మహానగరం పెట్టగలదు. ఎనిమిది వందల మందైనా లేని ఆస్ట్రియా గ్రామం హాల్‌స్టాట్ టూరిస్టు బస్సులకు వేళలు కేటాయించుకోగలిగింది గానీ, ఆన్‌లైన్ బుకింగ్ కంపెనీలతో బేరమాడే శక్తి దానికి ఎక్కడిది? స్వల్పకాలిక అద్దె ఇళ్ల వివరాలను ఆ కంపెనీలు ప్రభుత్వాలకు అందజేయాలన్న సమాఖ్య నిబంధన 2024లోనే ఆమోదం పొందింది, అమలు తేదీ 2026 మే 20. ఆ వివరాలు రాజధాని కార్యాలయాల్లోనే ఆగిపోకుండా, చదివి చర్య తీసుకోగల సిబ్బందితో పాటు గ్రామ పురపాలికల దాకా చేరాలి. అందుకయ్యే ఖర్చును, పర్యాటకుల సొమ్ముపై పన్ను వసూలు చేసుకుంటున్న ప్రభుత్వాలే భరించాలి.