ముసుగు అనడం తొందరపాటు

మనిషిని బట్టి మాట తీరు మార్చుకోవడం ముసుగు వేసుకోవడమేనని, అది వంచనేనని నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు. నాకది తొందరపాటు అనిపించింది. సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ ఈ వ్యవహారాన్ని 1956లోనే నాటకరంగంతో పోల్చి వివరించారు. స్కాట్లాండ్‌కు చెందిన షెట్లాండ్ దీవుల్లోని ఒక హోటల్లో ఆయన గమనించినదేమిటంటే, సిబ్బంది వంటగదిలో తమ పల్లె పద్ధతిలో మెలిగేవారు, భోజనాల గదిలోకి వస్తే అతిథులకు తగ్గ మర్యాదలు పాటించేవారు. ఇందులో ఎవరు ఎవరిని మోసం చేసినట్లు?

వ్యాసం అసలు పట్టించుకోనిది చూసేవాళ్ల సహకారం. నడుస్తూ జారిపడ్డ మనిషి దెబ్బ సంగతి తర్వాత, ముందు ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తాడు. చూసినవాళ్లేమో ఏమీ చూడనట్లు తల తిప్పుకుంటారు. (పగలబడి నవ్వేవాళ్లూ ఉంటారు, వాళ్ల సంగతి వదిలేద్దాం.) ఒక పెద్దాయన చెప్పిన కబురే మళ్లీ చెబుతుంటే, మొదటిసారి వింటున్నట్లు ముఖం పెట్టి "తర్వాత ఏమైంది?" అని కూడా అడుగుతాం. ఆయన పరువు కాపాడే ఆ చిన్న నటనను కపటం అనడానికి నాకు నోరు రాదు.

లేని అర్హతలు ఉన్నట్లు చెప్పుకుని ఉద్యోగం సంపాదించడం మోసమే, కాదనను. అలాంటి మోసాన్నీ, ఎదుటివాళ్లను బట్టి పాటించే ఈ మర్యాదనూ ఒకే గాటన కట్టడంతోనే నా పేచీ.