'అభిమాన బ్యాండ్లు' అనే గడి గారికి బహిరంగ లేఖ

శ్రీయుత 'అభిమాన బ్యాండ్లు, సంగీత ప్రభావాలు' అనే గడి గారికి, మహబూబ్‌నగర్ నుంచి ఒక కీబోర్డు వాద్యకారుడు నమస్కరించి వ్రాయునది.

నిన్న మధ్యాహ్నమంతా తమ ఎదుటే కూర్చున్నాను కనుక నా క్షేమం తమకు తెలిసిందే. హైదరాబాదులో జరగబోయే సంగీతోత్సవంలో వాయించాలంటే ఆన్‌లైన్ దరఖాస్తులో తమను నింపక తప్పదన్నారు. ఫోటో బరువెక్కిందని తిప్పికొట్టిన పై గడిని, నా ఫోనుకు చేరేలోపే గడువు తీరిపోయిన ఓటీపీని నేను ఎప్పుడో క్షమించేశాను. తమ దగ్గరే ఆగిపోయాను.

తమరు చూపిన జాబితాలో బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్, క్వీన్ ఉన్నారు. వాళ్ళ కింద కర్ణాటకం, హిందుస్తానీ, సినిమా అని మూడు ముక్కలు, అట్టడుగున 'ఇతరములు'. ఆ మహానుభావులంటే నాకు గౌరవమే. సొంత హెడ్‌ఫోన్లు కొనుక్కున్నాక పింక్ ఫ్లాయిడ్ వింటూ తెల్లవార్చిన రాత్రులు నాకూ ఉన్నాయి. అయితే తమరు అడిగింది ప్రభావం గురించి కదా! అది నేను డబ్బు పెట్టి పాటలు వినే వయసు రాకముందే చెవిన పడిపోయింది.

నాకు తెలిసిన మొదటి బ్యాండు బరాత్ ముందు నడిచే బ్యాండు మేళం. ఎర్ర కోటు, భుజాల మీద వెలసిపోయిన జరీ కుచ్చులు, కింద హవాయి చెప్పులు వేసుకున్న మాస్టరు క్లారినెట్ రీడును నాలుకతో తడిపి పల్లవి ఎత్తుకుంటే, ట్రంపెట్ దానికి జవాబు చెబుతుంటే, యూఫోనియం అడుగున బరువు మోస్తుంటే, పెట్రోమాక్స్ దీపాల వెలుగులో ఆ వెనకే నడిచి నేను హార్మొనీ నేర్చుకున్నాను. శుక్రవారం విడుదలైన సినిమా పాట ఆదివారం ముహూర్తానికి వాళ్ళ చేతుల్లో సిద్ధంగా ఉండేది. నొటేషన్ కాగితమనేది వాళ్ళు చూసి ఎరుగరు. ఆ మేళానికి పేరు లేదు, పెద్ద డ్రమ్ము మీద రాసిన ఫోన్ నంబరు తప్ప. తమరేమో పేరున్నవాళ్ళనే లోనికి రానిస్తారు. 1967లో బీటిల్స్ వారు తమ ఆల్బం అట్ట మీద జరీ కుచ్చులున్న బ్యాండు కోట్లే తొడుక్కుని నిలబడ్డారనీ, ఆ ఆల్బం మొదటి పాటలో ఫ్రెంచ్ హార్న్‌లు ఊదించారనీ తమకు ఎవరూ చెప్పలేదు కాబోలు. వాళ్ళు వేషం కట్టినందుకు జాబితాలో మొదటి వరుస దక్కింది. బతుకంతా అదే కోటులో నడిచిన మా మాస్టరుకు 'ఇతరములు' కూడా దక్కలేదు.

సరే, పేరున్నదే రాద్దామని 'ఇతరములు' నొక్కి 'పన్నెండు మెట్ల కిన్నెర' అని టైపు చేశాను. పదిహేను అక్షరాలు దాటరాదని తమరు ముందే హెచ్చరించారు. ఓనమాలు దిద్దినవాడెవడు లెక్కపెట్టినా ఆ పేరులో ఉన్నవి ఎనిమిది అక్షరాలు. తమరు మాత్రం గుణింతానికొకటి, ఒత్తుకు రెండు, సున్నకొకటి, చివరికి ఖాళీ జాగాకు కూడా ఒకటి చొప్పున వడ్డీ వ్యాపారిలా ఇరవై రెండు లెక్కగట్టి, 'పన్నెండు మెట్ల' దగ్గర తెగ్గోసి, మారు మాట చెప్పకుండా స్వీకరించారు.

ఈ ఉదయం ఆ ఉత్సవ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. "సార్, పన్నెండు మెట్ల అని రాశారు, అది ఏ గుడి సార్?" అని ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది. వెదురు కర్రకు సొరకాయ బుర్రలు కట్టి, మైనంతో మెట్లు నిలిపి, డక్కలి వారు తరతరాలుగా వాయిస్తున్న వాద్యమమ్మా అన్నాను. మా పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ పాడేవారి గొంతు ఊపిరికి ఆగిన చోట వాద్యం ఏం చేయాలో నాకు నేర్పింది అదేనన్నాను. నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ కిన్నెర వల్లనేనన్నాను. "ఆయనా! సినిమాలో పాడారు కదా సార్, అయితే సినిమా కింద పెట్టేయమంటారా?" అంది.

ఆ అమ్మాయిని ఏమీ అనను. అనవలసింది నిన్నే. నాకు తాళం చెప్పింది డప్పు మీద చిర్రకూ చిటికెన పుల్లకూ నడుమ ఉండే సందు. నీకు ఆ సందు కూడా ఒక అక్షరమే. మా పాలమూరు జానపదం మీద గంట కార్యక్రమం కావాలని ప్రకటనలో రాసుకుంటారు, ఆ జానపదం పేరు రాయడానికి నీలో జాగా ఉండదు. నిన్ను తయారుచేసినవాడు ఒక్కసారైనా తెలుగులో ఒక్క ముక్క టైపు చేసి చూశాడా? ఇంగ్లండు బ్యాండ్లకు జాబితాలో నాలుగు వరుసలు పరిచినవాడికి, నాగర్‌కర్నూలుకు ఇంకో పది అక్షరాలు ఇస్తే ఏం పోయేది?

గడువు రేపు సాయంత్రం అయిదింటితో ముగుస్తుందట. బీటిల్స్ అనే నొక్కి పంపుతున్నాను. వేదిక మీద ఎవరైనా ఆ ప్రభావం గురించి అడిగితే, ఎర్ర కోటు, హవాయి చెప్పులు వేసుకుని క్లారినెట్ వాయించే అయిదో బీటిల్ గురించి వివరంగా చెబుతాను.

ఇట్లు,
పన్నెండు మెట్ల