మహారాజశ్రీ ‘మనకెందుకులే’ గారికి

కడప నుంచి మీ పాత శిష్యుడు రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు, బుగ్గవంకలో పడుతున్న చెత్త సంచులను చూస్తే తెలుస్తూనే ఉంది.

మొన్న సాయంత్రం ఏడురోడ్ల దగ్గర టీ తాగుతూ, జీవితానికి అర్థమేమిటో తేల్చే పనిలో ఉన్నాం. నాజీల క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ వియన్నా డాక్టరు విక్టర్ ఫ్రాంకల్ గురించి నేనే అందుకున్నా. జీవితమే రోజూ మనల్ని ప్రశ్న అడుగుతుందట, మనం చేసే పనే జవాబట. బాగా చెప్పినట్టున్నా, ఇంకో టీ ఇప్పించారు.

అంతలో ఎదురుగా ఒక పెద్దాయన బండి మీద నుంచి జారి పడ్డాడు. సంచి చినిగి ఎర్రగడ్డలు రోడ్డంతా దొర్లాయి. ఒకటి నా చెప్పు దాకా వచ్చింది. కాలు పక్కకు తీసి దారిచ్చాను. చుట్టూ ఇరవై మందిమి. ఎవరో ఒకరు 108కి చేసే ఉంటారులే అనుకున్నా. మిగతా పంతొమ్మిది మందీ అదే అనుకున్నారు.

మీ పనితనాన్ని అమెరికాలో డార్లీ, లాటనే అనే ఇద్దరు సైకాలజిస్టులు 1968లోనే పట్టుకున్నారు, తెలుసా? గదిలోకి పొగ వదిలి చూశారు. ఒంటరిగా కూర్చున్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. ముగ్గురేసి కూర్చున్న గుంపుల్లో, ఒక్కరైనా లేచి చెప్పిన గుంపులు 38 శాతమే. బాధ్యతను ఇరవై మందికి పంచితే తలా కాస్తయినా రావాలి కదా, మీ లెక్కలో తలా సున్నా వస్తుంది. ఆ లెక్క ఎక్కడ నేర్చుకున్నారో గానీ!

పోలీసు కేసవుతుందని కూడా చెవిలో ఊదారు. సాయం చేసినవాళ్లను కేసుల నుంచి కాపాడే 134ఎ సెక్షన్ 2019లోనే మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిందని మీకెవరూ చెప్పలేదా?

ఇంతలో టీకొట్టు అక్క కేకేసింది: “ఓ నీలం చొక్కా అన్నా! నిన్నే! 108కి ఫోన్ చెయ్!”

నీలం చొక్కా నాదే. ఇన్నేళ్లు కొలిచినవాణ్ణి, ఆ ఒక్క క్షణంలో మీరు ఎటు మాయమయ్యారండీ? ఫోను తీయక తప్పలేదు.

పెద్దాయన్ను బెంచీ మీద కూర్చోబెట్టాం. మోకాలు నెత్తురు కారుతుంటే ఆయన అడిగింది ఒకటే: “ఎర్రగడ్డలు అన్నీ ఉండాయా చూడు నాయనా.”

వంగి ఏరాను. ఆఖరుది నా బల్ల కిందే ఉంది.

ఇట్లు,
నీలం చొక్కా