వర్సిటీ పేరు అద్దెకిచ్చే సరుకు కాదు

డిగ్రీ ఫలితాలు రావడమే ఆలస్యం, పిల్లల ఫోన్లు మోగడం మొదలవుతుంది. ఫలానా యూనివర్సిటీ ఆన్‌లైన్ ఎంబీఏ, ఇవాళే కడితే ఫీజులో తగ్గింపు, రేపటికి ఆఫర్ ఉండదు అని అవతలి గొంతు తొందరపెడుతుంది. ఆ గొంతు ఏ ప్రొఫెసర్‌దీ కాదు, రిజిస్ట్రార్ ఆఫీసుదీ కాదు. నెలకు ఇంతమందిని చేర్పించాలన్న టార్గెట్‌తో కాల్ సెంటర్‌లో కూర్చున్న కుర్రాడిది. అతనికి జీతమిచ్చేది ఆన్‌లైన్ చదువుల వ్యాపారం చేసే ఎడ్‌టెక్ కంపెనీ. రేపు చేతికొచ్చే పట్టా మీద పేరు మాత్రం వర్సిటీది. పేరు ఒకరిది, బేరం ఇంకొకరిది అయిన ఈ పద్ధతి ఎక్కడికి దారితీస్తుందో మన దేశం ఒకసారి చూసింది. అందుకే ఈ ఆందోళన.

2001 నుంచి కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు (వర్సిటీ హోదా పొందిన విద్యాసంస్థలు) అనుమతుల ఊసు లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. ఊరూరా స్టడీ సెంటర్లు వెలిశాయి. చేరినవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ ప్రమోషన్ కోసం చదివినవాళ్లే. 2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2001-05 మధ్య చేరినవాళ్ల డిగ్రీలను పక్కన పెట్టి, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు ఏకంగా రద్దయ్యాయి. జరిగిపోయిన తప్పుకు వెనక తేదీలతో ఆమోదం ఎలా దక్కిందో తేల్చమని సీబీఐకి అప్పగించింది. కోర్టు తప్పు పట్టింది సంస్థలను, అధికారులను. కానీ పదిహేనేళ్ల కింద చదివిన పాఠాలు మళ్లీ ముందేసుకుని పరీక్ష హాలుకు వెళ్లాల్సి వచ్చింది మాత్రం పిల్లలున్న, సంసారాలున్న ఉద్యోగులు. పరీక్ష వద్దనుకున్నవాళ్లకు ఫీజు వాపసు ఇమ్మంది కోర్టు. పోయిన ఏళ్లు ఎవరు వాపసు ఇస్తారు?

ఇప్పుడు స్టడీ సెంటర్ స్థానంలో యాప్ వచ్చింది. మిగతాదంతా అదే బాట.

వర్సిటీలను నియంత్రించే యూజీసీ 2020లో పెట్టిన నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ కోర్సుల్లో ఫ్రాంచైజీ ఏర్పాటు, అంటే వర్సిటీ పేరుతో కోర్సును బయటి సంస్థ నడపడం, చెల్లదు. పాఠం, పరీక్ష, మూల్యాంకనం అన్నిటికీ వర్సిటీదే బాధ్యత. ఇదే మాటను 2022 జనవరిలో యూజీసీ, ఏఐసీటీఈ మళ్లీ చెప్పాయి. ఎడ్‌టెక్ కంపెనీల ప్రకటనలు తమ దృష్టికి వచ్చాయని, ఉల్లంఘిస్తే కంపెనీ మీదా వర్సిటీ మీదా చర్య ఉంటుందని యూజీసీ హెచ్చరించింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో, గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని కూడా ప్రకటించింది. సమానమన్న ఆ ఒక్క మాటనే కాల్ సెంటర్లు పట్టుకున్నాయి. హెచ్చరికను వదిలేశాయి.

ఉద్యోగాలు చేసేవారికీ, చదువు మధ్యలో ఆగిన గృహిణులకూ, కాలేజీ లేని ఊళ్ల పిల్లలకూ ఆన్‌లైన్ చదువు వరమని, సాంకేతికత సొంతంగా కట్టుకునే స్తోమత వర్సిటీలకు లేదని కంపెనీలు అంటాయి. కానీ సర్వర్ అద్దెకు తీసుకోవడం వేరు, విద్యార్థిని కమీషన్ మీద కొనుక్కోవడం వేరు.

దూరాన ఉన్నవాళ్లకు చదువు చెప్పడం ఎలాగో తెలుగు నేలకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో ఉంది. దానికి తొలి వైస్ చాన్స్‌లర్‌గా ఉన్న ప్రొఫెసర్ జి. రాంరెడ్డి తర్వాత జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఇగ్నోను నిలబెట్టారు. ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరారు. ఆదివారం ప్రభుత్వ కాలేజీలో క్లాసులు, తెలుగులో పాఠ్యపుస్తకాలు, హాలులో కూర్చుని రాసే పరీక్షలు. బస్ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, కానిస్టేబుళ్లు ఆ పట్టాతో తలెత్తుకున్నారు. మద్రాసు ఐఐటీ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సు కూడా అంతే. జేఈఈ అక్కర్లేదు గానీ నాలుగు వారాల పాఠాలు చదివి, సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాసి నెగ్గాలి. ఈ రెండింటిలోనూ లోపలికి రానివ్వాలా వద్దా అని నిర్ణయించేది చదువు చెప్పే సంస్థే. ఎడ్‌టెక్ బేరంలో ఆ పని కమీషన్ తీసుకునేవాడి చేతికి పోయింది. ఫీజు కట్టగలిగితే చాలు, చేరొచ్చు. కట్టలేకపోతే ఫోన్‌లోనే ఈఎంఐ. అది ఫీజు వాయిదా కాదని, తన పేర తీసుకున్న లోన్ అని, చదువు మానేసినా కిస్తీ ఆగదని పిల్లాడికి చివరన తెలుస్తుంది.

2025 ఆగస్టులో ఏం జరిగిందో చూడండి. ఆరోగ్య రంగానికి చెందిన కోర్సులు, సైకాలజీతో సహా, ఇక ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో నడవవని యూజీసీ తేల్చింది. నిర్ణయం సరైనదే. మనిషి మనసుకు వైద్యం చేయాల్సినవాళ్లు ల్యాప్‌టాప్ ముందే తయారవ్వరు. కానీ అడ్మిషన్ల సీజన్ నడుస్తుండగా, ఇచ్చిన అనుమతులనే వెనక్కి తీసుకోవడమేమిటి? అప్పటికే దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల టెన్షన్ ఎవరికి పట్టింది? ఇక్కడా దెబ్బ విద్యార్థికే తగిలింది.

ప్రతిసారీ యూజీసీ ప్రకటన విద్యార్థినే ఉద్దేశించి ఉంటుంది. చేరేముందు వెబ్‌సైట్ చూసుకో, గుర్తింపు సరిచూసుకో. 2024 అడ్మిషన్ల నుంచి డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో విద్యార్థి తీసుకునే గుర్తింపు సంఖ్య) తప్పనిసరి చేసి, విద్యార్థే స్వయంగా తయారు చేసుకోవాలన్నారు. ఓటీపీ చెప్పమ్మా, మేమే చేసిపెడతాం అని కాల్ సెంటర్ కుర్రాడు అడిగితే ఆ ఐడీ ఎందుకు? మోసపోవద్దని పద్దెనిమిదేళ్ల పిల్లకు చెప్పడం తేలిక. మోసం చేసే వర్సిటీ గుర్తింపు ఆ సీజన్‌కే ఆపడానికి ధైర్యం కావాలి. 2022లో చెప్పిన చర్య ఎవరి మీద, ఎప్పుడు తీసుకున్నారో పేర్లతో ప్రజల ముందు పెట్టాలి. ప్రతి ఆన్‌లైన్ వర్సిటీ ఏ కంపెనీతో ఏ ఒప్పందం చేసుకుందో, ఒక్కో విద్యార్థి ఫీజులో ఎంత బయటికి పోతోందో తన వెబ్‌సైట్‌లో వేయాలి. రేపు డిగ్రీ చెల్లకపోతే లోన్ తీర్చాల్సింది వర్సిటీయేనని నిబంధనల్లో రాయాలి.

వైస్ చాన్స్‌లర్లకు ఒక మాట. మీ విద్యార్థి మొదటిసారి ఫోన్ చేసి సందేహం అడిగితే ఎత్తి జవాబు చెప్పడానికి క్యాంపస్‌లో ఒక మనిషి కూడా లేనప్పుడు, మీరు ఆన్‌లైన్ కోర్సు పెట్టొద్దు.