బోరు ఇక్కడ, చెరువు ఎక్కడో

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు నలుగురు పంపారు. నిన్న మా బావ కూడా పంపాడు. అందులో ఉన్నది ఇది: "కోకాకోలా సీసాలో నింపే ప్రతి చుక్కనూ ప్రకృతికి తిరిగి ఇస్తోంది. సోలార్ పెడుతోంది, మొక్కలు నాటుతోంది, ప్లాస్టిక్ వెనక్కి తీసుకుంటోంది. వాతావరణ మార్పుతో పోరాడుతున్న కంపెనీని తిట్టకండి." బావా, నల్గొండ జిల్లా మునుగోడులో పుట్టినవాడివి నువ్వు. నీళ్ల లెక్క నీకు ఇంకొకరు చెప్పాలా?

సోలార్, మొక్కలు మంచివే. కానీ వాటికీ బోరు నీళ్లకూ సంబంధం లేదు.

ప్లాస్టిక్ సంగతి: 2030 నాటికి నాలుగో వంతు పానీయాలు మళ్లీ నింపుకునే సీసాల్లో అమ్ముతామని కోకాకోలా 2022లో చెప్పింది. 2024 డిసెంబరులో ఆ లక్ష్యాన్నే వదిలేసింది. ఈ ఒక్క ముక్కతో ఆ వాక్యం అయిపోయింది.

ఇక "ప్రతి చుక్క". ఇదే నాకు నిద్ర పట్టనివ్వలేదు. 2020 నాటికి తిరిగి ఇస్తామని 2007లో మాట ఇచ్చి, 2015లోనే సాధించామని ప్రకటించారు. ఎలా లెక్కేశారు? అమ్మిన పానీయం ఎన్ని లీటర్లో అంతే. దానిలో వేసే చక్కెర కోసం చెరకు తాగిన నీళ్లు అందులో లేవు. అర లీటరు తీపి కూల్‌డ్రింక్ వెనక మొత్తం 170 నుంచి 310 లీటర్ల నీళ్లు ఉంటాయని 2011లో పరిశోధకులు లెక్కగట్టారు. దాదాపు అన్నీ ముడిసరుకులకు పోయేవే. అర లీటరు లెక్క చూపి అంతా తీర్చేశామనడం అబద్ధం.

అంతకంటే పెద్ద తప్పు, ఆ లెక్క ప్రపంచం మొత్తానికి కలిపి వేసింది. ఒకచోట తోడి, ఇంకోచోట చెరువు పూడిక తీసినా సరిపోయినట్టే. మన కింద ఉన్నది గ్రానైట్. నీళ్లు పైనున్న మెత్తటి పొరలో, రాతి పగుళ్లలో ఉంటాయి. పక్క చేనులో బోరు పడితే మన బోరు ఆగిపోయిన రోజులు చూడలేదా? మా బాపు మూడు బోర్లు వేశాడు, రెండు ఫెయిలయ్యాయి. మూడోది లోతుకు పోతే నీళ్లు వచ్చాయి, వాటితో ఫ్లోరైడ్ కూడా వచ్చింది. నీళ్లు రాతితో ఎక్కువకాలం కలిసి ఉన్నకొద్దీ అది పెరుగుతుంది. మా ఊరి నీళ్లు తాగిన మా పెద్దమ్మ నడుము వంగిపోయింది. ఎక్కడో రాజస్థాన్‌లో చెక్‌డ్యాం కడితే ఆమె బిందెలోకి ఒక్క చుక్క రాదు.

కేరళ ప్లాచిమడ అడుగు. 2000లో అక్కడ కోకాకోలా ప్లాంటు మొదలైంది, జనం బావులు చెడిపోయాయని పోరాడితే 2004 మార్చిలో ఆగిపోయింది. ప్రభుత్వ కమిటీ 2010లో నష్టం 216.26 కోట్లని చెప్పింది. పరిహారం కోసం 2011లో ఆ రాష్ట్ర అసెంబ్లీ చేసిన బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. ఈ మెసేజ్ ఆ ఊరి వాళ్లకు పంపగలవా?

ఒకటి ఒప్పుకుంటా. ఫ్యాక్టరీ లోపల లీటరు పానీయానికి ఖర్చయ్యే నీళ్లు నిజంగానే తగ్గాయి. 2004లో 2.7 లీటర్లు, ఇప్పుడు రెండు లీటర్లలోపు. ఇంకొకటి ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది. మన జిల్లాలో భూగర్భ జలాన్ని ఎక్కువ తోడేది ఏ కంపెనీ కాదు, మన వరి. 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక మోటారు ఆపాలన్న ఆలోచనే మనకు లేకుండా పోయింది. పోయిన యాసంగిలో నేనూ రెండెకరాలు వేశాను. కానీ తోడిందంతా తిరిగి ఇచ్చేశానని నేను ఎవరికీ మెసేజ్ పెట్టలేదు.

ఏ ప్లాంటుకైనా గేటు దగ్గర ఒక బోర్డు పెట్టమను. ఈ బోర్ల నుంచి రోజుకు ఎన్ని లీటర్లు తీశాం, ఈ మండలంలో నీటిమట్టం ఎన్ని అడుగుల లోతుకు పోయింది, ఈ మండలంలోనే ఎంత ఇంకించాం అని రాయమను. ఆ బోర్డు ఫొటో పంపు బావా, నేనే అందరికీ ఫార్వర్డ్ చేస్తా.