కూల్చే ముందు కొలవండి

ఈ వేసవిలో ఒక అమ్మాయి టేపు పట్టుకుని తిరుపతి పాత వీధులన్నీ తిరిగింది. ఊరు ఇదే, చదువుతున్నది ఆర్కిటెక్చర్. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఇంకా మిగిలిన పాత ఇళ్ల కొలతలు తీసుకుని గళ్ల పుస్తకంలో గీసుకుంది. కాలేజీ పని కోసం మొదలుపెట్టిందే అయినా, సెలవులు అయిపోయేసరికి అది కాలేజీ పనిని దాటిపోయింది. ఆ పుస్తకం తెచ్చి మాకు చూపించింది. ఒక మధ్యాహ్నమంతా మా డెస్కులో పని ఆపి దాన్నే చూశాం. ఈ సంపాదకీయం ఆ పుస్తకం గురించి, అది మాకు గుర్తు చేసిన పని గురించి.

"ఏందమ్మా కొలస్తా ఉండావు, కొనేదానికా, కొట్టేసేదానికా?" అని ఒక అవ్వ ఆమెను అడిగిందట. చదువుకునేదానికి అవ్వా అంటే ఆ పెద్దావిడ ఓ పట్టాన నమ్మలేదట. నమ్మకపోవడంలో తప్పులేదు. ఈ ఊళ్లో టేపు పట్టుకుని గడప ముందుకు వచ్చేది రోడ్డు వెడల్పు చేసేవాళ్లు, లేదంటే బిల్డరు మనుషులు. ఇల్లు ఎలా ఉందో చూద్దామని వచ్చినవాళ్లను అవ్వ ఎప్పుడూ చూడలేదు.

గోవిందరాజస్వామిని రామానుజులు ప్రతిష్ఠించారనీ, 1130లో ఈ ఊరు పుట్టిందనీ చెప్పుకుంటాం. ఏటా ఫిబ్రవరి 24న ఊరి పుట్టినరోజు చేస్తున్నాం. పుట్టినరోజు చేసుకునే ఊళ్లో, ఆ ఊరి వయసు కనిపించే ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరి దగ్గరా లెక్క లేదు. గుళ్లకు లెక్క ఉంది. మట్ల అనంతరాజు 1624లో కట్టించిన ఏడంతస్తుల గోపురం గురించి పుస్తకాల్లో ఉంది. ఆ గోపురం నీడలో బతికిన మిద్దెల గురించి ఎక్కడా లేదు.

అమ్మాయి పుస్తకంలో మమ్మల్ని ఎక్కువసేపు ఆపినవి అరుగులు. ఒక్కో అరుగు పొడవు, వెడల్పు, ఎత్తుతో పాటు దాని మీద నీడ ఏ వేళకు పడుతుందో కూడా రాసుకుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో పొద్దున పూట తూర్పు వరుస అరుగుల మీద నీడ ఉంటుంది. పొద్దు తిరిగాక అదే నీడ పడమటి వరుసకు మారుతుంది. అంటే ఏ వేళలోనైనా వీధిలో ఒకవైపు కూర్చునే చోటు ఉంటుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆదుకోవడానికి వసారా దూలాలు అరుగును దాటి ముందుకు వస్తాయి. ఏ ఇంజనీరూ ప్లాను గీసి ఇవ్వని ఏర్పాటు ఇది. తేరు తిరిగేందుకు వీధికి ఎంత జాగా కావాలో అంత వదిలి, మిగిలిన అంచును నడిచేవాళ్లకు ఇచ్చారు. అరుగు ఇంటివాళ్లదే, కూర్చునేది మాత్రం దారినపోయేవాళ్లు. మూట దించుకుని, చెంబెడు నీళ్లు అడిగి తాగి, కాసేపు నడుం వాల్చి పోయిన యాత్రికులు ఎన్ని తరాల వాళ్లో.

ఇప్పుడు అదే వీధిలో పాత ఇల్లు పోయి లాడ్జి వచ్చిన చోట అరుగు ఉండదు. సెల్లారులోకి దిగే ర్యాంపు, పక్కన జనరేటరు, ఆపైన షట్టరు. అలాంటి ఒక పేజీ కింద అమ్మాయి ఒక్క వాక్యం రాసింది: "ఇక్కడ కూర్చునే మనిషి ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నాడు?" జవాబు మనందరికీ తెలుసు. బస్టాండు ఎదుట, రైల్వే స్టేషను బయట, రోడ్డు డివైడరు మీద కూర్చుంటున్నాడు.

తిరుపతి 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. ఆ తర్వాత ఊరు మారిందంటే కాదనలేం. శ్రీనివాస సేతు ఫ్లైఓవరు 2023లో పూర్తిగా అందుబాటులోకి వచ్చాక తిరుచానూరు వైపు నుంచి అలిపిరి దిక్కుగా వెళ్లే బండ్లకు పెద్ద ఊరట దొరికింది. రైల్వే స్టేషనును కొత్తగా కడుతున్నారు. బస్టాండునూ మార్చాలన్న ఆలోచన ఉంది. వీటిని మేము స్వాగతించాం, ఇప్పుడూ స్వాగతిస్తున్నాం. కానీ వీటన్నిటిలో ముందు ఆలోచించింది బండి గురించి. మనిషి ఎటు నడుస్తాడు, ఎక్కడ ఆగుతాడు, చంకలో పిల్లను ఎత్తుకున్న తల్లి రెండు నిమిషాలు ఎక్కడ నిలబడుతుంది అన్నవి తర్వాత చూసుకుందామని వదిలేసిన సంగతులయ్యాయి. కొండ మీదికి పోయే 3,550 మెట్ల దారికి కప్పు వేసుకున్నాం. ఎండలు 40 డిగ్రీలు దాటే ఊరు ఇది. కొండ కింద స్టేషను నుంచి గోవిందరాజస్వామి గుడి దాకా చెప్పుల్లేని కాళ్లతో నడిచే భక్తుడికి కూడా ఆ నీడ కావాలి.

నీళ్ల సంగతి ఇంకా కష్టమైనది. కొర్లగుంట, తాతయ్యగుంట, కొరమేనుగుంట. రోజూ ఆటో ఎక్కి చెప్పే పేర్లే, వాటిలో నీళ్లున్నాయని మరిచిపోయాం. గుంట అంటే నీళ్లు నిలిచే చోటని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్మాయి పాత వీధుల వాలు కూడా కొలిచింది. వాన నీళ్లు ఏ వీధిలో ఎటు దిగుతాయో బాణం గుర్తులు వేసింది. కొండల మీద కురిసింది కపిలతీర్థం, మాల్వాడి గుండం దగ్గర కిందికి దూకి, పల్లం వెతుక్కుంటూ ఊళ్లోకే వస్తుంది. 2021 నవంబరులో అదే జరిగింది. ఇళ్లలోకి నీళ్లు వచ్చి, కార్లు కొట్టుకుపోయి, జనం మిద్దెల మీదికెక్కి రాత్రంతా మేలుకుని కూర్చున్నారు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న టెన్షన్‌తో చుట్టుపక్కల పల్లెలను ఖాళీ చేయించారు. ఆ వారమంతా మేము రాసిన వార్తలు మాకు గుర్తున్నాయి. పాతవాళ్లు ఇంటి గడపను వీధికంటే ఎత్తులో ఎందుకు పెట్టారో, అరుగుకు అన్ని మెట్లు ఎందుకో ఆ వారం అర్థమైంది. తర్వాత రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయాం. పాత ఇళ్లు పల్లంలో పడ్డాయి. ఇప్పుడు మోస్తరు వానకే నీళ్లు లోపలికి వస్తున్నాయి. అది చూసి ఇల్లు పనికిరాదంటున్నాం.

పాత ఇల్లు కూల్చుకునేవాళ్లను మేము తప్పుపట్టడం లేదు. అన్నదమ్ములు నలుగురు, వాటాలు ఎనిమిది, దూలానికి చెదలు, పైకప్పు కారుతుంది. బాగుచేయించాలంటే సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. పక్కనే లాడ్జి కట్టినవాడికి నెలనెలా అద్దెలు వస్తుంటే, నువ్వు మాత్రం పెచ్చులు ఊడే గోడల మధ్య బతుకుతూ మా సంస్కృతిని కాపాడు అని ఎవరు చెప్పగలరు? చెప్పకూడదు కూడా. ఆ భారం ఊరు పంచుకోవాలి. రోడ్డు కోసం స్థలం ఇచ్చినవారికి టీడీఆర్ బాండ్లు, అంటే వేరేచోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో పనికొచ్చే హక్కు పత్రాలు, ఇస్తున్నాం కదా. పాత ఇంటిని నిలబెట్టుకునే కుటుంబానికి కూడా అదే వెసులుబాటు నిజంగా చేతికందేలా చూడాలి. 2017లో యునెస్కో వారసత్వ నగరంగా గుర్తింపు పొందిన అహ్మదాబాద్‌లో పాత చెక్క ఇళ్ల యజమానులకు ఈ దారి ఉంది. పైన కట్టుకోలేని అంతస్తుల హక్కును వేరొకరికి అమ్ముకుని, ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకుంటున్నారు.

మేస్త్రీలు లేరన్న మాట తిరుపతి విషయంలో పూర్తిగా నిజం కాదు. టీటీడీ 1960లో మొదలుపెట్టిన సంప్రదాయ ఆలయ శిల్ప కళా శిక్షణ సంస్థ అలిపిరి దారిలోనే ఉంది. రాతి పని, చెక్క పని, సున్నంతో బొమ్మలు చేసే సుధా శిల్పం అక్కడ నేర్పుతారు. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. రాయి, ఇటుక, సున్నంతో, కలప అన్నదే లేకుండా కట్టిన చంద్రగిరి రాజమహల్ గంట ప్రయాణం కూడా లేని దూరంలో ఇప్పటికీ నిలబడి ఉంది. నేర్పేవాళ్లు, పరీక్షించేవాళ్లు, కళ్లెదుట పాఠం, మూడూ ఒకే ఊరి చుట్టూ ఉన్నాయి. వీటిని ఒకచోట కూర్చోబెట్టే పని ఎవరూ చేయలేదు.

కొలవకుండా కూల్చితే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. తిరుమలలో విజయనగర కాలపు వేయికాళ్ల మండపాన్ని 2003లో తీసేశారు. కోర్టుల దాకా వెళ్లినా ఆ మండపం మళ్లీ లేవలేదు. అంత పేరున్న కట్టడానికే అలా జరిగితే, పేరులేని మిద్దెను తలుచుకునేది ఎవరు? గాంధీ రోడ్డులోని హథీరాంజీ మఠం భవనం మాటేమిటి? 1843 నుంచి 1933 దాకా కొండ మీది గుడిని నడిపిన మహంతుల మఠం అది. అలాంటి భవనాల విషయంలో బలం ఎంతుంది అన్న ప్రశ్న ఒక్కటే వేసి, కూల్చాలా వద్దా అని తేల్చేయడం సరికాదు. ఏ గది ఎందుకు కట్టారు, ఏది బాగుచేయవచ్చు, ఏది నిజంగా ప్రమాదం అని ముందు కాగితం మీద కనిపించాలి.

అందుకే నగరపాలక సంస్థను, తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడాను, టీటీడీని మేము అడిగేది పెద్ద బడ్జెట్టు పని కాదు. మాడ వీధుల్లో, వాటికి ఆనుకున్న సందుల్లో ఏ పాత కట్టడానికైనా కూల్చివేత అనుమతి ఇచ్చే ముందు కొలతల బొమ్మ, ఫొటోలు తీయించాలి. ఆ రికార్డు ఎవరైనా చూసుకునేలా కార్పొరేషన్ ఆఫీసులో ఉండాలి. కొత్త ప్లానులో వీధి వైపు కూర్చునే అంచు వదిలినవాళ్లకు ఫీజులో తగ్గింపు ఇవ్వాలి. కొత్త రోడ్డు వేసేటప్పుడు పాతదాన్ని తవ్వి తీసి, వీధి మట్టం పెరగకుండా చూడాలి. సెలవుల్లో ఒక్కతే ఒక టేపుతో ఇంత పని చేయగలిగినప్పుడు, శిల్ప సంస్థ పిల్లలు, ఐఐటీ పిల్లలు కలిస్తే పాత ఊరంతా ఒక ఏడాదిలో కాగితం మీదికి వస్తుంది.

గంగమ్మ జాతరలో వేషాలు వేసుకున్నవాళ్లు ఈ వీధుల్లోనే తిరుగుతారు. ఆడవాళ్లు గడపల దగ్గర హారతి పళ్లెం పట్టుకుని ఎదురుచూస్తారు. అమ్మాయి కొలిచిన ఇళ్లలో ఒక ఇంటి యజమాని జాతరకు ముందు అరుగుకు సున్నం కొట్టించాడట. ఇంకో ఇల్లు ఆమె కొలిచిన నెలకే నేలమట్టమైంది. దాని గురించి ఇప్పుడు మిగిలింది ఆ పుస్తకంలోని రెండు పేజీలే. పుస్తకంలో కొలతలు తీర్థకట్ట వీధి దగ్గర ఆగిపోయాయి. కర్నాల వీధి ఇంకా మొదలే పెట్టలేదు.