రెండు వైపులా చెక్కిన రాయి

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గదికి నేను మొదటిసారి వెళ్ళింది ఊరి నుంచి వచ్చిన బంధువులకు చూపించడానికే. అక్కడ అద్దాల వెనుక ఉన్న అమరావతి శిల్పాలలో, రెండు వైపులా చెక్కిన ఒక ఫలకం ముందు నేను ఆగిపోయాను. క్రీ.పూ. 1వ శతాబ్దంలో చెక్కిన వైపున బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు ఉన్నారు. బుద్ధుడు మాత్రం మనిషి రూపంలో లేడు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఎవరో అదే రాతిని తిప్పి, వెనుక వైపున స్తూపాన్నే చెక్కారు: ప్రాకారం, సింహాలు, స్తూపం ముందు వేదికపై వరుసగా నిలిచే అయిదు ఆయక స్తంభాలు. నేలమట్టమైన మన మహాచైత్యం, అంటే అమరావతి పెద్ద స్తూపం, ఒకప్పుడు ఎలా ఉండేదో ఈనాడు ఊహించగలుగుతున్నామంటే, ఇలాంటి ఫలకాలే అందుకు ఆధారం.

నడివయసులో నన్ను పురావస్తు గ్రంథాల వైపు, బ్రాహ్మీ అనే ప్రాచీన లిపి అక్షరాల వైపు మళ్ళించింది ఆ రాయే. అమరావతి శాసనాలు ఎక్కువగా ప్రాకృతంలో ఉన్నాయి, వాటిలో దాతలుగా కనిపించేవారిలో ఎక్కువమంది రాజులు కాదు. విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేశాడు. అక్కడి మరొక రాతిపైనున్న 'నాగబు' అన్న మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తెలుగు పదంగా గుర్తించారు.

ఈ శిల్పాలను చాలాకాలం 'ఎలియట్ మార్బుల్స్' అని పిలిచారు. 1845లో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించినవి 1859లో లండన్ చేరాయి కనుక ఆ పేరు వచ్చింది. అవి పాలరాళ్ళు కావు, పలనాటి సున్నపురాళ్ళు. వాటి అసలు చోటు అమరావతిలో స్తూపం ఉన్న దీపాలదిన్నె. ఎన్నో ఫలకాలను సున్నం కోసం కాల్చేశారన్నది తలచుకుంటే, మిగిలినవాటిని తప్పుడు పేరుతో పిలవడం నాకు మరింత బాధగా ఉంటుంది.

అవి స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న వాదనను నేను సమర్థిస్తాను. అయితే అంతవరకూ అవి ఉన్న ఊళ్ళోనే ఉంటున్న మనం వాటిని చదవడం నేర్చుకోవద్దా? మన సంఘం తెలుగు బడి ఏడాదికి రెండు తరగతులైనా ఆ గదిలోనే జరగాలని, పెద్దలు కూడా పిల్లల పక్కన నిలబడి వినాలని నా కోరిక. ప్రవేశానికి రుసుము లేదు. ఫలకానికి ఇటు నిలబడి పిల్లలు చెట్టునూ ఆసనాన్నీ గీసుకోవచ్చు, అటు వెళ్ళి స్తంభాలు లెక్కపెట్టుకోవచ్చు. మొదటి బ్రాహ్మీ పాఠంగా విధికుడి పేరును రాయించవచ్చు.